ఊసరవెల్లిపై నిందాపనోదనము

హౌరానుండి బయలుదేరిన లోకల్ బండి మొదట ఆగు లిలువాలో, రైల్వే కార్ఖానా గోడలమీదను పెరటి కంచెలమీదను ఎండ కాచుకొనుచు తల యూచు జంతువును చూచి ఊసరవెల్లియని పొరబడుట కద్దు గాని, అది తొండ. సంతానకాలమున మగతొండ తలయు మెడయు ఎర్రబారుటచే అది మనుష్యరక్తము పీల్చునని వంగదేశమున నొక భయము కలదు, అది నిరాధారము. నిజమైన ఊసరవెల్లి గంగాతీరపు తేమనేలల ప్రాణి కాదు. రాయలసీమ, తెలంగాణముల తుప్పలును, తూర్పుకనుమల ఎండుటడవులును దాని నెలవులు.

ప్రపంచమున రెండువందలకు పైబడిన ఊసరవెల్లి జాతులలో దాదాపు సగము మడగాస్కరు ద్వీపమున నుండగా, మన దేశమునకు దక్కినది ఒక్కటే. ముందుకాళ్ల వ్రేళ్లు లోపల మూడు, వెలుపల రెండుగను, వెనుకకాళ్లవి లోపల రెండు, వెలుపల మూడుగను జతపడి, పటకారువలె కొమ్మను బిగించును. తోక చుట్టుకొని ఊతమిచ్చును. ఒక కన్ను ముందుకు, ఒక కన్ను వెనుకకు వేర్వేరుగా తిరుగుచుండి, మిడుత కంటబడగానే రెండును దానిపై నిలుచును. మరుక్షణమున శరీరముకంటె పొడవైన నాలుక దూసుకొనిపోయి, జిగురంటిన కొనతో దానిని నోటికి లాగికొనివచ్చును.

ఇక రంగుల సంగతి. చర్మములోని సూక్ష్మస్ఫటికముల నడిమి ఎడము మారుటచే వెలుగు భిన్నవర్ణములుగా ప్రతిఫలించునని, మడగాస్కరు జాతి నొకదానిని పరీక్షించి జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2015లో వెల్లడించిరి. అది ఏ వస్తువుమీద నిలిచిన ఆ రంగు దాల్చుననుట అపోహ. ప్రాతఃకాలపు చలిలో మేను నల్లబరచి ఎండవేడిమిని గ్రహించును. ప్రత్యర్థి ఎదురైనపుడు చారలును మచ్చలును పొటమరించును. మాట మార్చువానికి మనమీ ప్రాణిని ఉపమానము చేసితిమి గాని, తన చలిని, కోపమును, భయమును దాచలేక మేనిపై వెల్లడించు జీవిని కపటియనుట న్యాయము గాదు.

చెట్లమీదనే బ్రతుకు ఈ ప్రాణికి నేలయే మృత్యుస్థానము. నేల త్రవ్వి గ్రుడ్లు పెట్టుటకై ఆడది దిగివచ్చినపుడును, ఒక చెట్టునుండి వేరొక చెట్టునకు బాట దాటునపుడును, మందగమనముచే వాహనముల క్రింద నలుగును. విషజంతువను భ్రాంతితో కొందరు కర్రలతో మోదుదురు. దానికి విషము లేదు. పైరుల నాశ్రయించు పురుగులే దాని ఆహారము; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి రక్షణ కల్పించినది. పొలముగట్టున ఊసరవెల్లి కనబడినచో కర్ర నెత్తకుడు. బాటమీద కనబడినచో బండి నాపి, అది అవతలి పొద చేరుదాక ఓపిక పట్టుడు.