తరిమెన పనికి చవకైన చెక్క

తిరుగుతున్న కొయ్యకు ఉలి ఆనించి దానిని గుండ్రని వస్తువుగా మలచే పనిని మన పెద్దలు తరిమెన పట్టడమన్నారు. పిల్లల బొంగరం, ఇల్లాలి కుంకుమ భరిణె, అప్పడాల కర్ర, మంచం కోళ్ళు అన్నీ ఈ పనిముట్టు మీద పుట్టినవే. మెషిన్ షాపులో మూడు దశాబ్దాలపాటు ఉక్కును చెక్కిన చేతులకు ఈ పని కొత్తగా తోచదు. అందుకే కాబోలు, పదవీ విరమణకు దగ్గరపడిన మన ఉద్యోగులలో కొందరు తీరిక వేళల్లో కొయ్య లేత్ వైపు మొగ్గుతున్నారు. మా చిన్న బృందం అట్టివారితో ఏర్పడినదే. సాయంకాలాలు షెడ్డులో చేరే ఇంజనీర్లం, టెక్నీషియన్లం కొందరమున్నాము.

మమ్మల్ని చూడవచ్చే సోదర ఉద్యోగులు యంత్రం గురించి అంతగా అడగరు. పాత మోటారు, రెండు బేరింగులు, ఒక ఇనుప చట్రం దొరికితే లేత్ తయారవుతుందని వారికి తెలుసు. వారు అడిగేది చెక్క గురించే. నగరాల్లోని దుకాణాలలో చదరంగా కోసి, ఆరబెట్టి, మైనం పూసి అమ్మే దిమ్మెలు దొరకకపోవు. కాని ఒక గిన్నెకు సరిపడే దిమ్మె ఖరీదు పెట్టి పూర్తయిన గిన్నెనే కొనుక్కోవచ్చు. పైగా నేర్చుకొనే దశలో పది దిమ్మెలు పాడైతే గాని ఒకటి దక్కదు. ఈ కారణంగానే ఉత్సాహంగా మొదలుపెట్టిన అనేకులు ఆరునెలల్లో విరమించుకొంటారు.

విశాఖపట్నం ప్రాంతంలో చెక్క మాట రాగానే ఎవరికైనా ముందుగా గుర్తుకు వచ్చేది ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఉన్న ఈ గ్రామం పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరింది. ఇక్కడి లక్క బొమ్మలకు ఆధారం అంకుడు కర్ర. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని రైటియా టింక్టోరియా అంటారు. కర్ణాటకలోని చెన్నపట్న బొమ్మలకూ ఇదే చెట్టు ప్రాణం. చెక్క దంతంలా తెల్లగా, నార కనిపించనంత సన్నగా, ఉలికి మెత్తగా ఉంటుంది. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తిపెడితే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకొంటుంది. ఆ పైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. చెట్ల నుండీ గింజల నుండీ తీసిన సహజ వర్ణాలను ఈ కళకు తిరిగి తెచ్చేందుకు పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించింది. బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లోనే వచ్చింది.

అయితే మా బృందం ఆదినుండీ ఒక నియమం పెట్టుకొన్నది. అంకుడు కర్రను మేము కొనము. ఇది త్యాగమేమీ కాదు, లెక్క. అంకుడు పెద్ద మాను కాదు. దాని కొమ్మల నుండి రావలసిన కర్రతోనే ఆ కుటుంబాల జీవనం సాగాలి. జీతం వచ్చే మనబోటివాళ్ళం సరదాకోసం నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి కొంటూపోతే ధర పెరిగేది మనకు కాదు, వారికి. మరొక విషయం కూడా ఉన్నది. వారికి తెల్లచెక్క కావలసింది లక్క రంగు దాని మీద నిగారించడానికి. మనం చేసే గిన్నెకు రంగు పూయము. చెక్క సహజ వర్ణమే దానికి అందం. కాబట్టి మనకు కావలసిన చెట్టు వేరు, అది దొరికే చోటూ వేరు.

ఆ చోటు మన టౌన్‌షిప్ వీధులే. వర్షాలకు ముందు ఉద్యానవన విభాగం వారు విద్యుత్ తీగలకు అడ్డువచ్చే కొమ్మలను కొట్టిస్తారు. మామిడి, వేప, నేరేడు, నిద్రగన్నేరు, కానుగ కొమ్మలు బారులుగా పడి ఉండి, మరునాటికి కట్టెలుగా వెళ్ళిపోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు కూలిన మహావృక్షాలు తెలిసినవే. వాటిలో అధిక భాగం పొయ్యిలలోకి పోయింది. మాలో కొందరు అనుమతి తీసుకొని ఆనాడు దాచుకొన్న నిద్రగన్నేరు దిమ్మెలు ఏళ్ళ తరబడి గిన్నెలుగా, పళ్ళేలుగా మారుతూ వచ్చాయి. అనుమతి అన్న మాటను ఊరికే వాడలేదు. పడిపోయిన చెట్టయినా సంస్థ ఆస్తియే. ఇక సొంత పెరట్లోని చెట్టును కొట్టాలన్నా 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అధికారి అనుమతి కావాలి. ఎర్రచందనం ముక్కను ఎవరైనా చవకగా ఇస్తామంటే దానిని ముట్టరాదు. దాని వెనుక వచ్చేది గిన్నె కాదు, కేసు.

రెండవ చోటు కట్టెల అడితి. ఇక్కడ తూకం మీద అమ్మకం జరుగుతుంది కనుక కొంచెం గణితం అవసరం. చెక్కలోని తేమను ఎండిన చెక్క బరువులో శాతంగా చెప్పడం ఆనవాయితీ. తేమ 80 శాతమున్న పచ్చి మొద్దును 100 కిలోలు కొంటే అందులో 44 కిలోలకు పైగా నీరే. అయినా కట్టెల ధరకు దొరుకుతున్నది గనుక బేరం మనకే లాభం. పైగా మనం ఏరుకొనేది అడితి వారు వద్దనుకొనేవి: గొడ్డలికి చీలని కణుపు మొద్దులు, మూడు కొమ్మలు కలిసిన పంగలు. నార అల్లిబిల్లిగా తిరిగి ఉండడం వల్ల గొడ్డలికి లొంగని ఆ మొద్దే తరిమెన మీద అత్యంత మనోహరమైన చారలను చూపుతుంది.

కోత మిల్లులో పద్ధతి వేరు. అక్కడ గుండ్రని దుంగను నాలుగో వంతు చుట్టుకొలతతో కొలిచే సంప్రదాయం ఉన్నది. చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదానిని వర్గం చేసి, పొడవుతో గుణిస్తారు. 4 అడుగుల చుట్టుకొలత, 5 అడుగుల పొడవు గల దుంగ ఈ లెక్కన 5 ఘనపుటడుగులు. అసలు ఘనపరిమాణం దాదాపు 6.37 ఘనపుటడుగులు. అనగా కొనేవానికి ఐదో వంతుకు పైగా కలిసివస్తుంది. కాని దానినే చదరపు దూలంగా కోయిస్తే చేతికి వచ్చేది సుమారు 4 ఘనపుటడుగులే, మిగిలినది పొట్టు, పట్టెలు. అందుచేత దుంగను చదరం చేయించకూడదు. మధ్య గుండా రెండుగా చీల్పించి, ఆ రెండు బద్దల నుండి గిన్నెల దిమ్మెలను గుండ్రంగా కోసుకోవాలి. మిల్లు వారు పారవేసే పట్టెముక్కల నుండి కవ్వాలకు, గరిటెలకు, బొత్తాములకు సరిపడే చెక్క వస్తుంది.

మధ్య గుండా చీల్చడానికి ఇంకొక బలమైన కారణం ఉన్నది, ఈ వ్యాసంలో ముఖ్యమైన విషయమూ అదే. పచ్చి చెక్కకు మనం డబ్బు అంతగా పెట్టనక్కరలేదు గాని ఓర్పు పెట్టాలి. చెక్కలో నీరు రెండు విధాలుగా ఉంటుంది. కణాల బోలులో నిలిచిన నీరు ముందుగా పోతుంది. అది పోయినందువల్ల చెక్క ఆకారం మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగిన పిమ్మట కణాల గోడలలోని నీరు కదలడం మొదలవుతుంది. అప్పటినుండి చెక్క కుంచించుకొంటుంది. నిలువునా దాదాపు కుంచించుకోదు. కేంద్రం నుండి బెరడు వైపు కుంచించుకొనే దానికి సుమారు రెండింతలు వలయాల వెంబడి కుంచించుకొంటుంది. నడిమి బెండును ఉంచుకొన్న గుండ్రని దుంగలో ఈ రెండింటికీ పొత్తు కుదరక బెరడు నుండి బెండు దాకా బీట తీస్తుంది. ఏ మైనమూ దానిని ఆపలేదు. బెండును తీసివేస్తే ఆ లాగుడు చాలావరకు సడలిపోతుంది.

కొట్టిన రోజునే రెండు కోత ముఖాలకు కరిగించిన మైనం పట్టించాలి. నారల వెంబడి నీరు అడ్డంగా కంటె పది రెట్లకు పైగా వేగంగా పోతుంది గనుక కొసలు ముందు ఎండి పగులుతాయి. దేవుని గదిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు, పెళ్ళిళ్ళలో మిగిలిన మైనం ఇందుకు చాలు. అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలన్న సూత్రం చలిదేశాల పుస్తకాల్లోది. మన ఎండలకు అంత కాలం పట్టదు. అయితే ఎండలో పెట్టరాదు. నీడ, గాలి, నేలకు తగలకుండా కింద రెండు కర్రలు ఉంటే చాలు.

ఇంతకాలం ఆగలేనివారికి మేము చెప్పే మార్గం పచ్చిగా ఉండగానే సగం పని చేయడం. 10 అంగుళాల గిన్నె కావాలంటే గోడ మందం ఒక అంగుళం ఉంచి చెక్కాలి. పచ్చి చెక్క ఉలికి దోసకాయలా తెగుతుంది, ధూళి లేవదు. ఆ మొరటు గిన్నెను దాని చెక్కపొట్టుతోనే గోనె సంచిలో మూటకట్టి ఉంచి, వారానికొకసారి తూచి, తేదీ, బరువు దాని అడుగున పెన్సిలుతో రాయాలి. వంటింటి త్రాసు సరిపోతుంది, గృహిణి అనుమతిస్తే. వరుసగా మూడు వారాలు బరువు మారకపోతే మళ్ళీ లేత్ మీదకు ఎక్కించి, కోడిగుడ్డులా మారిన గిన్నెను గుండ్రం చేసి పూర్తిచేయవచ్చు. ఈ పరీక్ష వానాకాలంలో చేస్తే ఫలితం తప్పుతుంది. తీరప్రాంతపు గాలిలో చెక్క 13 నుండి 16 శాతం తేమ దగ్గర నిలిచిపోతుంది. ఇక్కడ బిగువుగా కుదిరిన భరిణె మూత హైదరాబాదులో ఉన్న కోడలి ఇంటి ఏసీ గదిలో పట్టేయవచ్చు. మూతను కొంచెం వదులుగా ఉంచడమే మేలు.

చెట్ల గుణగణాలు చెప్పాలంటే వ్యాసం చాలదు. నేర్చుకొనేవారికి మామిడి, సుబాబుల్ మంచివి, చవక, మెత్తన. నేరేడు, వేప గిన్నెలకు ఉత్తమం. చింత చేవ గట్టిది, ఉలిని మాటిమాటికీ నూరిస్తుంది. సర్కారు తుమ్మను అందరూ తిట్టుకొంటారు గాని ఆరేటప్పుడు తక్కువగా కుంచించుకొనే ఆ ఎర్రని చేవకు సాటి కలప చవకలో మేము చూడలేదు. నీలగిరి, సరుగుడు చీలిక స్వభావం గలవి. గన్నేరు విషపూరితం, గిన్నెకు, గరిటెకు పనికిరాదు. నిద్రగన్నేరు వేరే చెట్టు. పేరు చూసి భయపడనవసరం లేదు.

మూడవ చోటు పాత కలప. పడగొట్టిన పెంకుటింటి వాసాలు, గుమ్మాలు టేకో, వేగిసో, మద్దియో అయి ఉంటాయి. తరాలుగా ఆరిన చెక్క. అయస్కాంతంతో మేకులు వెదికి తీయడమే శ్రమ. పాత రంగులో సీసం ఉండవచ్చు గనుక దానిని పొడిగా గీకరాదు.

కర్మాగారాల తుక్కు వేలంలో వచ్చే చెక్క విషయంలో మాత్రం మేము గట్టిగా చెప్పదలచాము. పాత కూలింగ్ టవరు విప్పినప్పుడు వచ్చే పలకలు చూడముచ్చటగా, చెద పట్టక, సూటిగా ఉంటాయి; ధరా తక్కువే. నిరంతరం నీటిలో తడిసినా అవి చెడకపోవడానికి కారణం వాటిలోకి ఎక్కించిన రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు. ఈ మిశ్రమాన్ని 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో కనిపెట్టినవారు శొంఠి కామేశం గారు. ప్రపంచమంతటా స్తంభాలకు, వంతెనలకు, టవర్లకు వాడిన గొప్ప ఆవిష్కరణ అది. కాని ఆ చెక్కను లేత్ మీద తిప్పితే ముక్కులోకి పోయేది ఆర్సెనిక్ ధూళి. గిన్నెగా చేసి మనుమడికిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. దానిని పొయ్యిలో కూడా పెట్టరాదు. బూడిదలో విషం అలాగే ఉంటుంది. ఆకుపచ్చ ఛాయ ఒక గుర్తు గాని, పాతబడితే అది కనిపించదు. ఎక్కడిదో తెలియని పారిశ్రామిక చెక్కను విడిచిపెట్టడమే మార్గం. క్రియోసోటు పట్టించిన పాత రైల్వే స్లీపర్ల సంగతీ ఇంతే.

దిగుమతి యంత్రాలు వచ్చే పెట్టెల పైన్ చెక్క వీటికంటె నయం. వాటి మీద ముద్ర చదవాలి. హెచ్.టి. అని ఉంటే వేడిచేసి శుద్ధి చేసినది, ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించినది. మొదటిదానిని తీసుకోవచ్చు, రెండవదానిని వదలాలి. ఏదైనా గేటు పాసుతో సహా తెచ్చుకోవాలని మన పాఠకులకు వేరే చెప్పాలా!

పుచ్చు విషయం ఒక్క మాట. పురుగు చేవను సాధారణంగా ముట్టదు. దానికి కావలసింది పైనున్న తెల్లచెక్కలోని పిండిపదార్థం. మామిడి వంటి కలపను కొట్టిన వారంలోగా బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో ముంచితే బొమ్మలకు, అలంకార వస్తువులకు రక్షణ. తినే గిన్నెలకు ఆ మందు వద్దు. చేవ ముక్కనే ఏరుకోవాలి.

వచ్చే వేసవిలో కొమ్మలు కొట్టే తేదీలను ఉద్యానవన విభాగం వారు మాకు ముందుగా తెలుపుతామన్నారు. మీ క్వార్టరు పెరట్లో గాలికి నేరేడు కొమ్మ విరిగినా, ఊరిలో పాత ఇల్లు విప్పుతున్నా, కట్టెలవానికి కబురు పెట్టేముందు మా షెడ్డుకు ఒక మాట పంపండి. రంపం, మైనం తీసుకొని మేమే వస్తాము. చెక్కలో సగం మీకే, దానితో ఒక భరిణె చేసివ్వడం మా పూచీ.