పలకకు ముందు చింతపిక్కలు

తూర్పు కనుమల్లో అరకు లోయ నుంచి పాడేరు దాకా విస్తరించిన గూడేల్లో ఎందరో పసిపిల్లలు తల్లి ఒడిలో వినే భాష ఒకటి, బడిలో వినే భాష మరొకటి. కోదుల ఇళ్ళలో కువి, కొన్నిచోట్ల కొండ భాష, మరెన్నో గూడేల్లో ఆదివాసీ ఒడియా. ఐదారేళ్ళ ప్రాయంలో ఆ బిడ్డ తెలుగు వాచకం ముందు కూర్చున్నప్పుడు అక్షరమూ కొత్తదే, ఆ అక్షరం పలికే మాటా కొత్తదే. ఈ చిక్కును గమనించే 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్యను ఆరంభించింది. కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర, కోయ ఆ ఎనిమిదింటిలోనివే. తెలిసిన భాష చేయి పట్టుకుని తెలియని భాషలోకి బిడ్డను నడిపించాలన్నది దాని ఉద్దేశం.

ఇది ఎక్కడో కొండల మీది సంగతి అని మన పాఠకులు పేజీ తిప్పేయకూడదని మనవి. మన ఇళ్ళలో చాలాచోట్ల అమ్మ మాట్లాడేది ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు, మక్తబ్‌లో అరబీ. కొండ బిడ్డ దాటవలసిన వాగు ఒకటైతే మన బిడ్డ దాటవలసినవి రెండు మూడు. అయినా మూడేళ్ళు నిండగానే చేతికి పలక ఇస్తున్నాం. పలక విసిరేస్తే మొబైల్ ఇస్తున్నాం. పెరట్లో మట్టి తవ్వుకుంటే మాత్రం కాలం వృథా అవుతోందని కేకలు వేస్తున్నాం. ఇంటి భాష బడికి రావడానికి ఎంతో ముందే, ఇంటి భాషలోనే సాగే చదువు ఒకటుంది. అదే ఆట.

చింతపిక్కలాటనే తీసుకుందాం. ఇందుకు ఖర్చేమీ లేదు, చింతపండు వాడని వంటిల్లు మనకు లేదు. గుప్పెడు పిక్కలు కుప్పగా పోసి నోటితో ఊదాలి. విడిపడిన పిక్కను, పక్కది కదలకుండా, వేళ్ళతో తీయాలి. పక్కది కదిలితే వంతు పోతుంది. చూడటానికి ఇంతే. కానీ ఆ పిక్కను తీసే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలే రేపు కలాన్ని పట్టుకుంటాయి. ఆ వేళ్ళకు బలం, అదుపు రాకముందే గీతలు దిద్దిస్తే బిడ్డ కలాన్ని పిడికిలితో పట్టుకుంటాడు. చేయి నొప్పి పుడుతుంది, ఆపైన చదువంటేనే బెదురు. వంతు కోసం ఆగడం, ఓడినా ఏడవకుండా ఉండటం కూడా ఇక్కడే అలవడతాయి.

పసిపిల్లలకు ఖాయిదా చెప్పే మాకు ఇందులో మరో ప్రయోజనం కనిపిస్తుంది. అరబీలో బా, తా, సా అక్షరాల ఆకారం ఒక్కటే. కింద ఒక చుక్క ఉంటే బా, పైన రెండుంటే తా, పైన మూడుంటే సా. పిక్కలతో ఆడిన బిడ్డ ఒకటి, రెండు, మూడు అన్నవి లెక్కపెట్టకుండానే చూపుతో పట్టేస్తాడు. కింద, పైన అన్న తేడా అతని కంటికి అలవాటై ఉంటుంది. ఆడని బిడ్డకు ఆ మూడు అక్షరాలనూ బట్టీ వేయించవలసి వస్తుంది. మాపటికి మళ్ళీ కలిపేస్తాడు. నేల మీద సుద్దతో పడవలాంటి గీత గీసి, చుక్కల స్థానంలో పిక్కలు పెట్టించి చూడండి. పాఠం అని చెప్పనవసరం లేదు.

వామనగుంటలకు చెక్క పీట లేకపోయినా ఇబ్బంది లేదు. మట్టిలో ఏడేసి చొప్పున రెండు వరుసల గుంటలు చేస్తే చాలు. ఒక గుంటలోని గింజలన్నీ తీసి వరుసగా ఒక్కొక్కటి వేసుకుంటూ పోవడంలో, ఒక గుంటకు ఒక గింజ అన్న లెక్క చేతికే తెలిసిపోతుంది. కొంచెం పెద్దయ్యాక ఎక్కడ మొదలుపెడితే ఎక్కడ ఆగుతామో ముందే ఊహిస్తారు. పెద్ద పిల్లలకు గచ్చకాయలున్నాయి. గవ్వలు పాచికలుగా వేసి పందెం కట్టే ఆటల జోలికి మేము పోవడం లేదు. వాటిపై ధర్మశాస్త్రజ్ఞుల అభ్యంతరం పాఠకులకు తెలిసిందే.

కొండ ఇళ్ళలో చోళ్ళు, సామలు, రాజ్మా గింజలు ఉంటాయి. ఎర్ర రాజ్మా, తెల్ల రాజ్మా కలిపి చేటలో పోస్తే నాలుగేళ్ళ పిల్ల వాటిని వేరు చేస్తుంది. రంగును బట్టి ఒకసారి, పరిమాణాన్ని బట్టి మరోసారి. గణితానికి పునాది ఈ వర్గీకరణే. రాలిన ఆకులను చిన్నది నుంచి పెద్దదాకా వరుసలో పేర్చడం, చిన్న గ్లాసులతో నీళ్ళు పోసి పెద్ద చెంబు ఎన్నింటికి నిండుతుందో చూడటం కూడా ఈ కోవలోవే. అయితే ఆటను పనిగా మార్చకూడదు. రెండు గుప్పిళ్ళు వేరుచేసి లేచిపోయిన బిడ్డను బస్తా ముందు కూర్చోబెడితే అది కూలి అవుతుంది.

ఈ ఆటలన్నింటిలో గింజల కన్నా విలువైనది పక్కన కూర్చున్న పెద్దల మాట. ఎర్రవి ఎన్ని వచ్చాయి, ఇది ఎందుకు జారిపోయింది అని అమ్మమ్మో నానీయో అడిగితే బిడ్డ జవాబు వెతుక్కుంటాడు. ఆ మాట కువిలో ఉంటేనేం, ఉర్దూలో ఉంటేనేం? బడి భాషలోనే అడగాలన్న ఆరాటంతో వచ్చీరాని ఇంగ్లీషులో పలకరించే తల్లిదండ్రులను చూస్తే మాకు బాధ కలుగుతుంది. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు పెంచుకున్న పిట్ట చనిపోయినప్పుడు, దైవప్రవక్త (స) ఆ పసివాణ్ణి పిట్ట సంగతి అడుగుతూ పలకరించారు. అబూ ఉమైర్ అన్న పేరుకూ నుగైర్ అన్న ఆ పిట్ట పేరుకూ ప్రాస కుదిరేలా పలకరించారు. హజ్రత్ ఆయిషా (రజి) చిన్ననాటి బొమ్మలాటల సంగతి కూడా హదీసు గ్రంథాల్లో ఉంది. మక్తబ్ నుంచి వచ్చిన పిల్లవాణ్ణి ఆడుకోనివ్వాలని, ఎడతెగని చదువుతో కట్టేస్తే తెలివి మొద్దుబారుతుందని ఇమాం గజాలీ (రహ్మలై) ఇహ్యా ఉలూముద్దీన్‌లో హెచ్చరించారు. ఆయన 1111లో పరమపదించారు. ప్రభుత్వం 2022లో వెలువరించిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ వారికి ఆటే చదువుకు ఆధారమని చెబుతోంది.

కొని ఇవ్వదలచినవారికి ఈ కనుమల దిగువనే ఏటికొప్పాక ఉంది. అక్కడి కళాకారులు అంకుడు కర్రకు లక్క, సహజమైన రంగులు అద్ది బొంగరాలు, లక్కపిడతలు చేస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. లక్కపిడతలతో ఉత్తుత్తి వంట వండే పిల్ల నోట ఎన్ని మాటలు దొర్లుతాయో పక్క గదిలోంచి వినండి.

జాగ్రత్తలు కొన్ని చెప్పక తప్పదు. మూడేళ్ళలోపు పిల్లలకు గింజలు ఇవ్వరాదు. నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. వారికి గిన్నెలు, గరిటెలు, గుడ్డ బంతి చాలు. ఎర్రగా, నల్ల మచ్చతో ముద్దొచ్చే గురివింద గింజ నమిలితే ప్రాణాంతక విషం; ఆముదం గింజా అంతే. ఈ రెండూ ఆట డబ్బాలో ఉండకూడదు. అస్ర్ తర్వాత కాసేపు ఆడుకోనిచ్చి, మగ్రిబ్ వేళకు లోపలికి పిలవండి. లోపలికి వచ్చేముందు పిక్కలు లెక్కపెట్టి డబ్బాలో వేసే పని వాళ్ళదే. ఇరవై ఉండవలసిన చోట పందొమ్మిదే ఉంటే, ఆ ఒక్కటీ దొరికేదాకా పెద్దలు కూడా వంగి వెతకాలి.