మీకు తెలుసా? వీసాపైని తేదీ వేఱు, ఉండదగిన గడువు వేఱు

రెడ్డిగూడెము వంటి పల్లెల మామిడితోటల నడుమ బ్రతుకంతయు గడపి, అమెరికాలో స్థిరపడిన కొడుకునో కూతురునో ఒకమాఱు చూచి రాగోరు తల్లిదండ్రులు, 2008వ సంవత్సరమునకు పూర్వము సందర్శక వీసాకై సామాన్యముగా మద్రాసు వఱకు పోవలసియుండెను. ఆ యేట హైదరాబాదు బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేటు నెలకొనుటతో ఆ ప్రయాస కొంత తగ్గినది. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడలోని నూతన భవనమునకు తరలినది.

అయితే పాస్‌పోర్టుపై అంటింపబడు బి-2 అను ఈ సందర్శక వీసా, ఆ దేశపు వాకిట నిలిచి ప్రవేశము నర్థించుటకు అనుమతియే కాని, ప్రవేశమునకు పూచీ కాదు. భారతీయులకు తఱచుగా పదేండ్ల పరిమితితో ఈ వీసా లభించినను, విమానము దిగినచోట అధికారి పరిశీలించి ఐ-94 అను పత్రమునందు నమోదుచేయు తేదీయే, సాధారణముగా ఆఱునెలలకు మించనిది, అచ్చట నుండుటకు అసలైన గడువు. మనుమల ముద్దుమాటలలో మునిగిన పెద్దలకు ఈ తేదీ గుర్తుండుట కష్టమే!

నేపాలునకు పోవుటకైతే ఈ వీసా బాధయే లేదు. విమానమున పోవు భారతీయుడు పాస్‌పోర్టు గాని, ఓటరు గుర్తింపుకార్డు గాని చూపిన చాలును.

ప్రయాణపు సామానును గూర్చి మఱియొక సంగతి. మన వంటింట నిరపాయముగ మెలగు గసగసాలు యునైటెడ్ అరబ్ ఎమిరేట్సునందును, సింగపూరునందును నిషిద్ధములు. కావున అమెరికాకు పోవుచు దుబాయిలో విమానము మాఱువారును మసాలా పొట్లములను ముందుగనే విప్పి చూచుకొనవలయును.