నాదమును చలింపఁజేయు విధములు

ఈ కాలపు పాటలను వినునపుడు ఒక్కఁడు పాడినను పలువురు కూడి పాడినట్లును, గిటారు ధ్వని నీటి యలలపైఁ దేలినట్లును తోఁచుచుండును. దీనికిఁ గారణము మాడ్యులేషను. నాదముయొక్క గుణములలో నొకదానిని క్రమమైన వేగముతో హెచ్చించుచుఁ దగ్గించుచు నుండుటకే యీ పేరు. పాటలను రికార్డు చేయనెంచు విద్యార్థులు దీని మర్మము నెఱుఁగుట మేలని తలంచి యిచట వివరించుచున్నాము.

ధ్వని బలము హెచ్చి తగ్గుచుండినచో ట్రెమోలో యందురు. శ్రుతి హెచ్చి తగ్గుచుండినచో వైబ్రాటో యందురు; మన సంగీతమందలి కంపితగమకము దీనికి దగ్గఱి చుట్టము.

కోరస్, ఫ్లాంజర్ అను రెండును కాలభేదమువలనఁ గలుగును. ధ్వనికొక ప్రతిని దీసి, కొంచె మాలస్యముగా మూలముతోఁ గలిపి, ఆ యాలస్యమును మెల్లగా మార్చుచుందురు. ఆలస్యము సెకనులో 1000వ వంతులు 15 మొదలు 30 వఱకు నున్నచో బృందగానమువలె వినఁబడును, ఇది కోరస్. అంతకంటెఁ దక్కువయైనచో ఫ్లాంజర్. అందుఁ గొన్ని స్వరములు తమ ప్రతులనే యెదుర్కొని యణఁగిపోవును. ఎట్లనఁగా, ఆలస్యము సెకనులో 1000వ వంతైనచో, సెకనుకు 500 కంపనములుగల స్వరముయొక్క మిట్ట ప్రతియొక్క పల్లమును గలిసికొని నశించును. ఆలస్యము మాఱినకొలఁది యణఁగు స్వరములును మాఱును గనుక విమానము తలపైఁ బోవునట్టి ధ్వని పుట్టును.

ఈ విద్య కంప్యూటరుతోఁ బుట్టినది కాదు. 1940 ప్రాంతమున అమెరికా దేశస్థుఁడగు డొనాల్డ్ లెస్లీ, ఆర్గను ధ్వనికై కొయ్యపెట్టెలోఁ దిరుగు కొమ్ముబూరను నమర్చెను. బూర మనవైపు వచ్చునపుడు శ్రుతి హెచ్చును, తొలఁగునపుడు తగ్గును. రైలుకూఁతయందును మన మెఱిఁగిన యీ ధర్మమును డాప్లర్ 1842లోనే తెలిపెను. 1966లో లండనునందు బీటిల్స్ బృందమువారు ‘టుమారో నెవర్ నోస్’ అను పాటలో జాన్ లెనన్ కంఠధ్వనిని ఇట్టి పెట్టెగుండఁ బంపిరి.

చెవి యీ చలనమును ఏల కోరును? పదుగురు కూడి పాడునపుడు ఏ యిద్దఱి శ్రుతియు, కాలమును సరిగా నొక్కటి గావు. ఆ స్వల్పభేదమే బృందమునకు నిండుఁదనము నిచ్చును. యంత్రము దానినే యనుకరించును. భేదము మితిమీఱినచో మాటలు తెలియవు, శ్రుతియుఁ జెడును. మాడ్యులేషను చలనము నీయఁగలదు గాని, తప్పిన శ్రుతిని దిద్దఁజాలదు. కావున విద్యార్థులారా, మొదట పాటను యథాతథముగా రికార్డు చేయుఁడు. పిదప మాడ్యులేషనును గొంచెము కొంచెముగాఁ జేర్చి, రెంటిని బోల్చి వినుఁడు. మాట యస్పష్టమైన తావుననే నిలుపుఁడు. అచ్చటినుండి కొంత వెనుకకుఁ దగ్గించుఁడు.