ఓడినవాడు బల్ల వద్దనుండి ఎందుకు లేవలేడు?

హైదరాబాదునుండి బీజాపూరు పోయే బాటమీద, పెద్ద మర్రిచెట్ల నడుమ, ముందు మొయినాబాదు, ఆ తరువాత చేవెళ్ళ వస్తాయి. కూరగాయలూ పూలూ పండే ఈ ప్రాంతం నగరానికి దగ్గర కావడంచేత ఇక్కడ ధనికుల తోట బంగళాలు అనేకం వెలిసినవి. 2025 ఫిబ్రవరిలో మొయినాబాదు మండలంలోని తోల్కట్ట గ్రామంలో అటువంటి ఒక తోటపై పోలీసులు దాడిచేసి, కోడిపందాలు, జూదం జరుగుతున్నవని 64 మందిని అదుపులోనికి తీసుకొన్నారు. డబ్బుతోపాటు పందెపు బిళ్ళలు కూడ అక్కడ దొరికినవి.

జూదం నేరమని ఆడేవారికి తెలియకపోదు. డబ్బు పోతుందనీ తెలుసు. అయినప్పటికీ ఓడినవాడు లేచి ఇంటికి పోలేడు. పందెం రెట్టింపు చేస్తాడు. ఎందువల్ల? పోకరు అనే పేకాటను పరిశీలిస్తే దీనికి కారణం స్పష్టమవుతుంది.

లెక్క ఒకటి, మనస్సు మరొకటి

పోకరులో ప్రసిద్ధమైన ఒక రకంలో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి ఇస్తారు. అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు బల్లపై తెరుస్తారు. ఇద్దరు ఆడుతుండగా ఒకరికి రెండు ఆసులు, మరొకరికి రెండు రాజులు వచ్చినవనుకోండి. ఐదు ముక్కలూ తెరిచేవరకు ఇద్దరూ నిలిస్తే, ఆసులు ఉన్నవాడు నూటికి సుమారు 82 సార్లు గెలుస్తాడు. మిగిలిన 18 సార్లు, ఏ తప్పూ చేయకుండానే, దాదాపు ఓడిపోతాడు. ఇది ముక్కల లెక్క. ఇందులో ఎవరి పగా లేదు.

కాని మనస్సు దీనిని అన్యాయంగా తలుస్తుంది. కోపం వచ్చినప్పుడు అధివృక్క గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోనికి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకొంటుంది, ఊపిరి పొట్టిదవుతుంది. పులి ఎదురైనప్పుడు పారిపోవడానికి ఈ మార్పు ఉపయోగపడుతుంది గాని, కూర్చొని లెక్క వేయడానికి కాదు. మెదడు ముందుభాగం చేయవలసిన ఆలోచన, అదుపు ఆ సమయంలో సడలుతాయి. ఈ స్థితిని పోకరు ఆటగాండ్రు ‘టిల్ట్’ అంటారు. గోళీని కొట్టి ఆడే పిన్‌బాల్ యంత్రాన్ని కోపంతో కుదిపితే అది ఆగిపోతుంది. ఆ మాట అక్కడినుండే వచ్చినది.

నష్టపు ఎర

కోపం చల్లారినా మరొక చిక్కు మిగులుతుంది. డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ అనే శాస్త్రజ్ఞులు 1979లో ప్రకటించిన ప్రశ్నలు చూడండి. మూడువేలు తప్పక వచ్చే మార్గం ఒకటి, నాలుగువేలు రావడానికి నూటికి 80 వంతుల అవకాశం ఉన్న మార్గం మరొకటి. ఏది కావాలని అడిగితే, నూటికి 80 మంది తప్పక వచ్చే మూడువేలే కోరుకొన్నారు. అదే ప్రశ్నను తిప్పి, మూడువేలు తప్పక పోగొట్టుకొంటారా, లేక నాలుగువేలు పోవడానికి నూటికి 80 వంతుల అవకాశం ఉన్న పందెం కాస్తారా అని అడిగితే, నూటికి 92 మంది పందెమే కోరినారు! సగటున ఆ పందెంలో పోయేది 3,200. అంటే తప్పక పోయేదానికంటె ఎక్కువే.

లాభంలో ఉన్న మనిషి జాగ్రత్తపడతాడు. నష్టంలో ఉన్న మనిషి తెగిస్తాడు. చేవెళ్ళ ప్రాంతపు రైతుకు ఇది వింతగా తోచదు. మొదటి బోరులో నీరు పడకపోతే, పెట్టిన డబ్బు వృథా కారాదని అప్పుచేసి రెండవ బోరు వేసిన ఇండ్లు మెట్టప్రాంతాలలో ఎన్నో ఉన్నవి. అయితే బోరు వేసే రైతుకు పంట అవసరం. పేకాటలో ఆ అవసరం కూడ లేదు.

‘ఇన్నిసార్లు పోయింది, ఇక రావాలి’ అనుకొనడం మరొక భ్రమ. కలిపిన పేకకు జ్ఞాపకం లేదు. వెనుకటి ఆటలో ఏ ముక్క పడినదో దానికి తెలియదు. పందెపు బిళ్ళలు కూడ మోసం చేస్తాయి. చేతినుండి నోటు పోయేటప్పుడు కలిగే బాధ రంగుబిళ్ళ పోయేటప్పుడు కలగదు.

అదుపు ఎప్పుడు సాధ్యం?

ఉద్రేకం వచ్చిన తరువాత దానితో పోరాడడం కష్టం. చల్లగా ఉన్నప్పుడే హద్దు నిర్ణయించుకొని, అది చేరగానే లేవడం సులభం. నిర్ణయం వేరు, ఫలితం వేరు అని గుర్తించడం రెండవ ఉపాయం. మంచి నిర్ణయానికి చెడ్డ ఫలితం రావచ్చును. ఐదు నిమిషాలు లేచి నడిచి, నెమ్మదిగా ఊపిరి విడవడం మూడవది.

అయితే ఈ ఉపాయాలు జూదాన్ని సంపాదనగా మార్చలేవు. బల్లచుట్టూ కూర్చున్నవారిలో ఒకరి లాభం మరొకరి నష్టమే. ఆడించేవాడు తన వాటా తీసుకొంటే మిగిలేది ఇంకా తక్కువ. తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, ఇంటర్నెట్టులో పందెం కాసే ఆటలకు కూడ వర్తింపజేసినారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అటువంటి నిషేధం చేసినది. ఆట మానలేని స్థితికి వచ్చినవారు టెలిమానస్ 14416కు ఫోను చేసి ఉచితంగా సలహా పొందవచ్చును.

ఉపాధ్యాయులు పై రెండు ప్రశ్నలను తరగతిలో వేసి, చేతులెత్తించి లెక్కించవచ్చును. పేకముక్క ముట్టకుండానే విద్యార్థులు తమ మనస్సును తామే చూడగలుగుతారు. పరీక్షలో మొదటి లెక్క తప్పిన పిల్లవాడు, దానినే పట్టుకొని గంట గడిపి తక్కిన లెక్కలు పోగొట్టుకొనడమూ ఈ జబ్బే. పోయినదానిని విడిచి తరువాతి లెక్కకు పోగలిగినవాడు సగం గెలిచినట్లే.