భద్రాచలం అడవిలో ఆదిమ మానవుడు లేడు

కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం దారి పట్టిన పట్నవాసికి అడవి చిక్కబడగానే ఒక మాట నోటికొస్తుంది: మన తాతముత్తాతలు ఇలాగే బతికి ఉంటారని. కోయలనో కొండరెడ్లనో చూస్తే మనిషి తొలిరూపం చూసినట్టేనని దాని భావం. ఇది ఎవరో అమాయకుల ఊహ కాదు, బాగా చదువుకున్నవాళ్లు కట్టిన సిద్ధాంతం. 1877లో అమెరికన్ పండితుడు లూయిస్ హెన్రీ మోర్గాన్ ‘ఏన్షెంట్ సొసైటీ’ అనే గ్రంథంలో మానవజాతిని ఆటవికం, అనాగరికం, నాగరికం అని మూడు మెట్ల మీద నిలబెట్టాడు. మెట్లు కట్టినవాడు పైమెట్టు తనకే ఉంచుకున్నాడు, అందులో వింతేమీ లేదు. ఆ దశాబ్దంలోనే దుమ్ముగూడెంలో ఉంటున్న మత ప్రచారకుడు జాన్ కెయిన్ కోయల ఆచారాల గురించి ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికకు రాస్తున్నాడు. మనిషి గుట్టు ఈ అడవి అంచున దొరుకుతుందనే ఆశతో ఆ తర్వాతా చాలామంది వచ్చారు. వాళ్లు పోగుచేసిన ఆధారాలను ఒకచోట పెట్టి చూస్తే మెట్లే కూలిపోతున్నాయి.

ముందు నెత్తురు సాక్ష్యం. టూమస్ కివిసిల్డ్ బృందం 2003లో ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ హ్యూమన్ జెనెటిక్స్’లో వెలువరించిన పరిశోధనకు కోయలు, చెంచులే కేంద్రం. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏను, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్‌ను దేశంలోని ఆరు కులాల వారితో పోల్చి చూశారు. గిరిజనులదీ, కులాల వారిదీ చాలామటుకు ఒకే ప్రాచీన వారసత్వమని తేల్చారు. 2009లో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్ హార్వర్డ్ పరిశోధకులతో కలిసి ‘నేచర్’లో రాసిన వ్యాసం ఇంకో అడుగు ముందుకు వేసింది. ప్రధాన భూభాగంలో వాళ్లు పరీక్షించిన సమూహాలు, కులమైనా తెగైనా, దాదాపు అన్నీ రెండు ప్రాచీన జనసమూహాల కలయికే. తేడా పాళ్లలోనే. అదే వ్యాసంలో ఇంకో ముచ్చట ఉంది. వందకు పైగా తరాలుగా బయటి కలయిక చాలా తక్కువగా ఉన్నట్టు ఆనవాలు చూపిన సమూహం మన వైశ్యులది. లోకానికి దూరంగా ముడుచుకుని ఉన్నవాళ్లు ఎవరని అడిగితే అందరి వేలూ కొండవైపు తిరుగుతుంది. జన్యుశాస్త్రం బజారువీధిని కూడా చూపించింది.

ఇక నేల సాక్ష్యం. పినపాక మండలం జానంపేట దగ్గర అడవిలో పెద్ద పెద్ద రాతిపలకలతో కట్టిన సమాధులున్నాయి. ఇలాంటివాటిని జనం రాకాసి గుళ్లు అంటారు. దక్షిణాదిలో ఈ తరహా సమాధులు ఎక్కువగా ఇనుపయుగానికి చెందినవి. అంటే ఈ అడవి అనాది నుంచీ మారని తావు కాదు. రాళ్లు చీల్చి, మోసి, చనిపోయినవారికి ఇళ్లు కట్టిన సమాజాలు ఇక్కడ నడిచాయి. దగ్గరి కాలపు సాక్ష్యమూ ఇదే చెబుతుంది. 1940ల తొలినాళ్లలో పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ వాళ్ల మీద 1945లో పుస్తకం ప్రచురించాడు. పోడు కొట్టుకునే రెడ్లు అప్పటికే కలప వ్యాపారుల కింద చాలీచాలని కూలికి చిక్కుకుపోయి ఉండటం అందులో కనిపిస్తుంది. వాళ్లు నరికిన కలప గోదావరి మీద పట్నాలకు చేరింది. ఆ దూలాల కింద నివసించినవాళ్లు ఆధునికులు, వాటిని నరికినవాళ్లు ఆదిమానవులు ఎలా అవుతారు? ఇద్దరూ ఒకే అంగడికి రెండు కొసలు.

అయితే చదువు, వైద్యం, ఆదాయం విషయంలో ఏజెన్సీ వెనకబడి లేదా అని అడగవచ్చు. ఉంది, కానీ పేదరికం పాతకాలపు మిగులు కాదు, ఈ కాలంలో తయారైనదే. గిరిజనుల భూమి బయటివారికి పోకుండా 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీకి చట్టం చేయాల్సి వచ్చింది. అదే పనికి 1970లో 1/70 చట్టం రావాల్సి వచ్చింది. భూమి చేతులు మారుతూ ఉంటేనే కదా ఇన్ని చట్టాలు. ఎదుటివాడు వెనకటి యుగంలో ఉన్నాడనుకుంటే అతని దుస్థితిలో మన పాత్ర కనబడకుండా పోతుంది. గిరిజనులను ప్రకృతి పుత్రులని పొగిడేవాళ్లదీ అదే చూపు. నింద స్థానంలో పూలదండ వచ్చిందంతే.

దీనికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. జన్యుశాస్త్రం మాట మార్చదా? మార్చింది కూడా. బయటి నుంచి వచ్చిన కలయిక స్వల్పమని 2003 వ్యాసం అన్నది. 2019లో ప్రాచీన అస్థికల డీఎన్ఏ చూసినవాళ్లు గడ్డిమైదానాల నుంచి వచ్చిన వలసకు గణనీయమైన పాత్ర ఉందన్నారు. మనుషుల సమానత్వాన్ని తొలి వ్యాసానికి కట్టి ఉంటే రెండోదానితో అది కొంత ఊగిపోయేది. తత్త్వశాస్త్రం అవసరం ఇక్కడే. ఉన్నది ఏమిటో చెప్పే వాక్యం నుంచి ఉండాల్సినది ఏమిటో దానంతటదే పుట్టదని డేవిడ్ హ్యూమ్ పద్దెనిమిదో శతాబ్దంలోనే గమనించాడు. శరీరం ఎక్కడి నుంచి వచ్చిందో ప్రయోగశాల చెబుతుంది, ఎవరికి ఎవరు బాధ్యులో చెప్పదు.

ఆ రెండో ప్రశ్నను కోయలు ఎప్పుడో చేపట్టారు. మూడో గట్టు, నాలుగో గట్టు అంటూ సాగే గోత్ర విభజనలో ఒకే గట్టువాళ్లు అన్నదమ్ములు, పెళ్లి సంబంధం వేరే గట్టుతోనే. ఆ గట్ల పుట్టుకను, ఇలవేల్పుల కథలను డోలి కళాకారులు పడిగె అనే గుడ్డపటం పెట్టి పాడతారు. 2022లో పద్మశ్రీ అందుకున్న మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య ఆ పరంపరలోని వారే. జన్యుపటం లాగే పడిగె కూడా ఎవరు ఎవరికి ఏమవుతారో చెబుతుంది. అయితే దాంతోపాటు విధులు కూడా వస్తాయి. ఇది కూడా పుట్టుకతో మనిషిని కట్టేయడమే కదా అంటే, అవును, కట్టేస్తుంది. చదువుకున్న కోయ యువతీ యువకులు ఆ కట్లను తామే ప్రశ్నించుకోవచ్చు, కొన్నిటిని ఉంచుకుని కొన్నిటిని వదిలేయవచ్చు. కులం విషయంలో బయటివాళ్లు చేసే వాదోపవాదాలు కూడా ఇలాంటివే. మెట్ల సిద్ధాంతం కోయలకు ఇవ్వనిది ఈ వాదించే హక్కునే.