పగిలిన బల్బూ, తెల్లటి రాత్రీ

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో సేలం అని ఒక ఊరుంది. తమిళనాడు సేలం కాదు, ఇది వేరు. 1940లలో అక్కడి ట్యూబులైట్ల ఫ్యాక్టరీలో పనిచేసే యువతులు ఒకరి వెనక ఒకరు జబ్బుపడ్డారు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, ఆగని పొడిదగ్గు, చూస్తుండగానే మనిషి చిక్కిపోవడం. క్షయ అనుకుని పరీక్షిస్తే క్షయ కాదు. ఊపిరితిత్తుల్లో గడ్డలు కట్టే సార్కాయిడోసిస్ అనుకుని, ఆ జబ్బుకు ఊరి పేరు కలిపి 'సేలం సార్కాయిడ్' అన్నారు. హారియట్ హార్డీ అనే వైద్యురాలు పట్టువదలకుండా ఆరా తీసింది. ట్యూబు లోపలి గోడకు పూసే తెల్లటి పొడిలో బెరీలియం అనే లోహం కలుస్తోందనీ, ఆ దుమ్ము పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు పాడవుతున్నాయనీ తేలింది. ఆమె, సహచరుడు ఇర్వింగ్ టాబర్షా కలిసి 1946లో ఆ సంగతి ప్రచురించారు. 1949 నాటికి అమెరికా కంపెనీలు బెరీలియం పూతను మానుకున్నాయి.

ఆ ట్యూబుల వెలుగులో కూర్చుని చదువుకున్నవాళ్లకు బెరీలియం వల్ల ఏమీ కాలేదు. హాని తగిలింది వాటిని తయారుచేసినవాళ్లకు. పగిలిన గాజు కోసుకుని, ఆ పుండు ఎంతకీ మానక అవస్థపడిన కొద్దిమందికి. కరెంటు పొదుపు చేసే దీపాల మంచిచెడ్డలు మాట్లాడేటప్పుడు ఈ కథ గుర్తుంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. మనం సాధారణంగా భయపడేది దీపం నుంచి వచ్చే వెలుగుకి. అడగాల్సిన ప్రశ్నలు మాత్రం వేరే ఉన్నాయి: దీపం లోపల ఏముంది, అది పగిలితే ఎవరి చేతికి చేరుతుంది, దాన్ని ఎంత నాసిగా చేశారు, ఏ వేళప్పుడు వెలిగిస్తున్నాం?

సీఎఫ్ఎల్‌తో మొదలుపెడదాం. మన దగ్గర దాని కథలో విశాఖపట్నానికి చోటుంది. అక్కడ ఇళ్లకు సీఎఫ్ఎల్‌లు పంచి, మిగిలిన కరెంటుకు కార్బన్ క్రెడిట్లు లెక్కగట్టే ప్రాజెక్టు 2009లో ఐక్యరాజ్యసమితి యంత్రాంగంలో నమోదైంది. మెలికలు తిరిగిన ఆ గాజుగొట్టం నిజానికి చుట్ట చుట్టిన ట్యూబులైటే. లోపల కొద్దిపాటి పాదరసం ఆవిరి ఉంటుంది. కరెంటు పారినప్పుడు ఆ ఆవిరి అతినీలలోహిత కిరణాలను విడుదల చేస్తుంది. అవి గోడకు పూసిన పొడిని తాకితే పొడి వాటిని మింగి, మనకు కనిపించే వెలుగుగా బయటికి పంపుతుంది. పాదరసం లేకపోతే ఈ దీపం లేదు.

ఎంత పాదరసం? ఒక సీఎఫ్ఎల్‌లో దాదాపు 3 నుంచి 5 మిల్లీగ్రాములు. పాత జ్వరమానిలో ఉండేది దాదాపు 500 మిల్లీగ్రాములు. ఈ పోలిక చూపించి 'ఏం ఫర్వాలేదు' అని కొట్టిపారేసేవాళ్లున్నారు. అంత తేలిగ్గా తీసేయలేం. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉన్న గదిని తీసుకోండి. అందులో సుమారు 34 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. 4 మిల్లీగ్రాముల పాదరసం మొత్తం ఒకేసారి ఆవిరైతే ఘనపు మీటరుకు 120 మైక్రోగ్రాముల దాకా వస్తుంది. అమెరికాలో కార్మికులకు పనిదినమంతా సగటున దాటకూడదని సూచించిన హద్దు 50. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాది సగటుకు చెప్పింది 1. అయితే అసలు జరిగేది ఇంత దారుణంగా ఉండదు. వాడిన బల్బులో పాదరసం చాలాభాగం పొడికీ గాజుకూ అంటుకుపోయి, రోజుల తరబడి మెల్లగా ఆవిరవుతుంది. కిటికీ తెరిస్తే గాలిలోని మోతాదు త్వరగానే పడిపోతుంది. ఒక్క బల్బు పగిలినంత మాత్రాన పెద్దవాళ్లకు జబ్బు రాదు. నేల మీద పాకే పసిపిల్లలున్న ఇంట్లో, గర్భిణి ఉన్న ఇంట్లో కాస్త జాగ్రత్త అవసరం. ఎందుకంటే ఆ ఆవిరి గాలికన్నా బరువైంది కాబట్టి నేలను పట్టుకుని ఉండవచ్చు. పైగా పీల్చిన ఆవిరిలో దాదాపు 80 శాతం రక్తంలోకి చేరుతుంది. విచిత్రమేమంటే, ద్రవరూపంలో ఉన్న పాదరసాన్ని పొరపాటున మింగితే అందులో చాలావరకు ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది.

అందుకే సీఎఫ్ఎల్ గానీ ట్యూబులైటు గానీ పగిలితే వెంటనే చీపురు అందుకోవడం పొరపాటు. చీపురు ఆ పొడిని గదంతా పరుస్తుంది. వ్యాక్యూమ్ క్లీనరైతే గాలిలోకే చిమ్ముతుంది. ముందు పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని బయటికి పంపాలి. కిటికీలు తెరిచి పదినిమిషాలు మనమూ బయట ఉండాలి. ఫ్యాను, ఏసీ ఆపేయాలి. ఆ తర్వాత గట్టి అట్టముక్కతో గాజుపెంకుల్ని ఎత్తి, మిగిలిన పొడిని ప్లాస్టరు టేపుతో అద్ది, తడిగుడ్డతో తుడిచి, అన్నిటినీ మూత గట్టిగా పడే గాజుసీసాలో వేసి మూసేయాలి.

సీసా మూశాక ఎక్కడికి? చిక్కంతా ఇక్కడే ఉంది. పాదరసం ఉన్న దీపాలు 2016 నుంచి ఈ-వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి. వాటిని మామూలు చెత్తలో కలపకూడదు. వీధి చివర కుండీ దగ్గర నిలబడి చూస్తే ఆ నిబంధన జాడ ఎక్కడా కనిపించదు. కాలిపోయిన ట్యూబులైటు చెత్తబండి ఎక్కుతుంది, బండిలోనే పగులుతుంది. లేదా పాతసామాన్లవాళ్ల దగ్గరికి పోతే అల్యూమినియం మూతల కోసం దాన్ని చేత్తో విరుస్తారు. ఇంట్లో ఏడాదికో రెండేళ్లకో ఒకటి పగిలితే మనం ఇంత కంగారుపడతాం. రోజంతా అదే పని చేసే మనిషి సంగతేమిటి? పాదరసం దీర్ఘకాలం ఒంట్లో చేరితే చేతులు వణుకుతాయి, నిద్ర చెడుతుంది, మతిమరుపు వస్తుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. సాహసప్రదర్శనల్లో ట్యూబులైట్లు ఒంటిమీద పగలగొట్టుకుంటే చప్పట్లు కొట్టే మనకు, గాజుగాయం కంటే ఆ తెల్లటి పొగ ప్రమాదమని తోచనే తోచదు.

2013లో జపాన్‌లోని కుమమోతోలో పలు దేశాలు ఆమోదించిన మినమాతా ఒప్పందం పాదరసానికి పగ్గం వేయడానికి పుట్టింది. భారత్ 2018లో అందులో చేరింది. సీఎఫ్ఎల్‌ల తయారీ, ఎగుమతి, దిగుమతులను 2025 నాటికి ఆపాలనీ, ట్యూబులైట్లను 2027 నాటికి వదిలించుకోవాలనీ ఆ ఒప్పందం సభ్యదేశాలు తర్వాతి సమావేశాల్లో తీర్మానించాయి. కొత్తవి రాకపోవచ్చు. గోడల మీద, అటకల మీద ఉన్నవి మాత్రం దిగాల్సే ఉంది.

వెలుగు సంగతికొస్తే, సీఎఫ్ఎల్ మీద వచ్చిన మరో ఆరోపణ అతినీలలోహిత కిరణాలు బయటికి కారుతున్నాయని. ఇందులో కొంత నిజముంది. గొట్టం మెలిక తిరిగిన చోట పూత పగిలితే కిరణాలు జారుకుంటాయి. 2008లో బ్రిటన్ ఆరోగ్యపరిరక్షణ సంస్థ, పైన మరో గాజుబుడ్డి లేని సీఎఫ్ఎల్‌కు 30 సెంటీమీటర్ల లోపు దూరంలో రోజుకు గంటకు మించి కూర్చోవద్దని చెప్పింది. గదికప్పుకు వేలాడే బల్బుకు ఇది వర్తించదు. పుస్తకం పక్కనే పెట్టుకునే టేబుల్ ల్యాంపుకు వర్తిస్తుంది. లూపస్ లాంటి జబ్బులతో చర్మం వెలుగును తట్టుకోలేనివాళ్లకు మరీ వర్తిస్తుంది.

2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంచారు. ఎల్ఈడీలో పాదరసం లేదు, ఇళ్లలో వాడే బల్బు నుంచి అతినీలలోహిత కిరణాలూ దాదాపు రావు. అయితే తెల్లటి ఎల్ఈడీ పుట్టుకతో తెల్లది కాదు. లోపలి చిప్పు ఇచ్చేది నీలి వెలుగు. దాని మీద పూసిన పసుప్పచ్చ పొడి అందులో కొంత మింగి పసుపురంగు వెలుగు ఇస్తుంది. రెండూ కలిస్తే కంటికి తెలుపు. ఆ నీలి చిప్పును సాధించినందుకే 2014లో అకసాకి, అమానో, నకమురలకు భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఈ నీలం కళ్లు పోగొడుతుందన్న ప్రచారాన్ని నేను నమ్మను. ఎలుకల కళ్లలోకి తీవ్రమైన నీలికాంతిని గంటలకొద్దీ గుమ్మరిస్తే రెటీనా దెబ్బతిన్న మాట నిజమే. కానీ ఎండలేని మబ్బుపట్టిన పగలు కూడా ఆరుబయట వెలుగు మన హాలులోని బల్బు వెలుగుకు ఎన్నో రెట్లు. ఐరోపా యూనియన్ శాస్త్రీయ సంఘం 2018లో ఇదే విషయాన్ని పరిశీలించి, మామూలుగా వాడితే ఆరోగ్యవంతుల కళ్లకు ఎల్ఈడీల వల్ల నేరుగా హాని జరుగుతుందనడానికి ఆధారం లేదని తేల్చింది. పసిపిల్లల కంటికటకం నీలాన్ని ఎక్కువగా లోపలికి రానిస్తుంది కాబట్టి, ఊయల ఎదురుగా ముఖం మీద పడేలా బల్బు పెట్టకపోతే చాలు.

రాత్రివేళ సంగతి మాత్రం వేరు. చూపు కోసం కాకుండా పగలూ రాత్రీ లెక్కగట్టడం కోసమే కొన్ని కణాలు మన రెటీనాలో ఉన్నాయని 2002లో డేవిడ్ బెర్సన్ బృందం చూపింది. వాటిలోని మెలనాప్సిన్ అనే పదార్థం నీలి వెలుగుకు బాగా స్పందిస్తుంది. అక్కడి నుంచి 'ఇంకా పగలే' అని కబురు వెళ్తే, నిద్రకు శరీరాన్ని సిద్ధం చేసే మెలటోనిన్ విడుదల ఆగిపోతుంది. 2011లో హార్వర్డ్ పరిశోధకులు 116 మందిని నిద్రకు ముందు రెండు రకాల వెలుగులో ఉంచి చూశారు. ఒకటి బాగా మసక వెలుతురు, ఇంకొకటి 200 లక్స్ కన్నా తక్కువున్న మామూలు గదివెలుగు. మామూలు గదివెలుగులో మెలటోనిన్ ఉండే కాలం దాదాపు గంటన్నర తగ్గింది. నిజానికి అది ఎల్ఈడీల మీద చేసిన ప్రయోగం కాదు. పాత దీపాలూ నిర్దోషులు కావన్నమాట. కాకపోతే నాలుగు పైసల కరెంటుకే బోలెడు తెల్లటి వెలుగు వస్తుంటే మనం లైట్లు ఇంకా ఎక్కువ వెలిగిస్తున్నాం, ఇంకా పొద్దుపోయేదాకా వెలిగిస్తున్నాం.

బల్బు డబ్బా మీద 2700, 4000, 6500 అని ఒక అంకె, పక్కన 'కె' అక్షరం ఉంటుంది. అది వెలుగు రంగు. 2700 అంటే పాత బల్బులాంటి పసుపు. 6500 అంటే నీలం కలిసిన తెలుపు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2016లో వీధిదీపాలు 3000 దాటకుండా ఉంటే మేలంది. మన ఇళ్లలో పడకగదిలో కూడా 6500 తెలుపే వెలుగుతుంటుంది. పసుపు వెలుగంటే కరెంటు తక్కువొచ్చినట్టు, ఇల్లు పాతబడినట్టు చాలామందికి చిన్నచూపు. బెడ్‌లైటు సంగతి ఇంకా తమాషా. ఒకప్పటి జీరో బల్బు పేరుకే సున్నా, నిజానికి 15 వాట్లు తాగేది. ఇప్పుడు దాని స్థానంలో అర వాటు ఎల్ఈడీ వచ్చింది, అదీ చాలా ఇళ్లలో నీలం. ఆ కొంచెం వెలుగు పెద్ద నష్టమేమీ చెయ్యదు గానీ, రంగుల్లో ఏరికోరి నిద్రకు పొసగనిదాన్నే ఎంచుకున్నాం. ఎరుపుదో కాషాయరంగుదో అదే ధరకు దొరుకుతుంది. వెలుగు ప్రభావం అందరి మీదా ఒకేలా ఉండదని కూడా తెలుసుకోవాలి. 2019లో ఆస్ట్రేలియాలో జరిగిన అధ్యయనంలో ఒక మనిషికీ ఇంకో మనిషికీ ఆ తేడా 50 రెట్లకు పైగా కనిపించింది. 'నాకు లైటున్నా నిద్ర పడుతుంది' అని భర్త అంటే భార్యకూ పట్టాలని లేదు.

నాసిరకం బల్బులో అందరూ మరిచిపోయే లోపం మినుకు. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి 100 సార్లు సున్నాకు పడుతుంది. పాత బల్బులోని ఫిలమెంటుకు అంతలో చల్లారే తీరిక ఉండదు. ఎల్ఈడీ అలా కాదు, కరెంటు పడితే తక్షణం తానూ పడుతుంది. ఆ పల్లాన్ని పూడ్చడానికి లోపల కెపాసిటర్ ఉండాలి. ధర తగ్గించాలంటే ముందు ఎగిరిపోయేది అదే. సెకనుకు 100 సార్ల మినుకు కంటికి ఆనదు, కానీ మెదడు దాన్ని గమనిస్తూనే ఉంటుంది. 1989లో ఆర్నల్డ్ విల్కిన్స్ బృందం ఒక ఆఫీసులో పాత చోకుల ట్యూబులైట్లను, మినుకు లేని ఎలక్ట్రానిక్ చోకులవాటితో పోల్చి చూసింది. రెండోవాటి కింద ఉద్యోగుల తలనొప్పులు, కళ్లలాగుడు సగానికి పైగా తగ్గాయి. మైగ్రేన్ ఉన్నవాళ్లు 'ఈ లైటు కింద కూర్చోలేను' అంటే అది చాదస్తం కాదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది: మినుకు లయా యంత్రం తిరిగే వేగమూ కలిసినప్పుడు లేత్ మెషీన్ నిలిచిపోయినట్టే కనిపిస్తుంది. వర్క్‌షాపులో అలాంటి దీపం ఉంటే వేళ్లు తెగవచ్చు.

నాసిరకం బల్బుల్లో మరో లోపం షాకు. చవక బల్బుల్లో ఎల్ఈడీలు కూర్చున్న పలకకూ మెయిన్ కరెంటుకూ మధ్య ఏ అడ్డూ ఉండదు. తెల్లటి ప్లాస్టిక్ బుడ్డి ఊడివచ్చాక స్విచ్చి ఆపకుండా తాకితే తాకింది 230 వోల్టులనే. యూట్యూబులో చూసి, చెడిన ఒక్క ఎల్ఈడీని షార్టు చేసి బల్బును బతికించే పిల్లలకు ఈ సంగతి ముందు చెప్పాలి. 2017లో దీపాల తయారీదారుల సంఘం ఎల్కోమా కోసం నీల్సన్ సంస్థ ఢిల్లీ, ముంబై, అహ్మదాబాద్, హైదరాబాద్‌లలో 200 దుకాణాలు తిరిగి, ఎల్ఈడీ బల్బు బ్రాండ్లలో 76 శాతం భద్రతా ప్రమాణాలకు తగ్గట్టు లేవంది. చెప్పింది పెద్ద కంపెనీల సంఘం కాబట్టి ఆ అంకెను కాస్త అనుమానంగానే చూడవచ్చు. కానీ తయారీదారు పేరూ చిరునామా లేని బల్బులు మనందరం చూసినవే.

దుకాణంలో కొనేటప్పుడు డబ్బా మీద బీఐఎస్ గుర్తు, దాని కింద 'ఆర్' అక్షరంతో రిజిస్ట్రేషన్ నంబరు, తయారీదారు పేరు ఉన్నాయా చూడండి. పడకగదికైతే 2700 లేదా 3000 అడగండి. చాలాచోట్ల 'వార్మ్ వైట్' అంటే తెచ్చిస్తారు, లేకపోతే తెప్పిస్తారు. బల్బును హోల్డరులో పెట్టి వెలిగించమనండి. ఫోను కెమెరాను స్లోమోషన్‌లో పెట్టి ఆ వెలుగు పడ్డ తెల్లటి గోడవైపు తిప్పండి. తెరమీద నల్లచారలు పాకినా, గోడ మినుకుమన్నా ఇంకో కంపెనీది చూపించమనండి.